ధర పడిపోయినప్పుడు, జీతం ఆగినప్పుడు: సభలో ఏ దారి పట్టమని ప్రతిపక్షాన్ని అడగాలి?

2025 మార్చి మొదటివారంలో ఒక సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి నా పాత స్టూడెంట్ ఒకడు వచ్చాడు. మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమస్తా. వెంట వాళ్ల మేనమామ కూడా ఉన్నారు, ప్రత్తిపాడు వైపు ఐదెకరాలు కౌలుకు తీసుకుని తేజ రకం మిర్చి వేసిన రైతు. మా ఆవిడ మంచినీళ్లు ఇస్తే, గ్లాసు అందుకునే ముందు ఆయన రెండు అరచేతులూ కండువాకి గట్టిగా తుడుచుకున్నారు. యార్డు నుంచి నేరుగా వచ్చారట, ఆ ఘాటు గది అంతా పరుచుకుంది.

"మాస్టారూ, మామయ్య అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తున్నాడు. అసెంబ్లీ జరుగుతోంది కదా, ప్రతిపక్షం వాళ్లు మన మాట ఎత్తేలా ఒక అర్జీ రాసిపెట్టండి."

"సరే, ఎలా ఎత్తమందాం?" అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఎలా ఏముందండీ, గట్టిగా" అన్నాడు వాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకి పౌరశాస్త్రం చెప్పినవాణ్ని, ఆ జవాబు నాకు గుచ్చుకుంది. సభలో ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఏడెనిమిది దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ధర, ఒక్కో ఫలితం. పంటకి మందు కొనేటప్పుడు ఏ పురుగుకి ఏ డబ్బా అని నాలుగు కొట్లు తిరిగి అడిగే మనం, ప్రతిపక్షాన్ని మాత్రం "గట్టిగా మాట్లాడండి" అని వదిలేస్తాం. వాళ్లు గట్టిగానే మాట్లాడతారు. మరుసటి రోజు పేపర్లో ఫొటో వస్తుంది. యార్డులో ధర ఉన్నచోటే ఉంటుంది.

అందుకే ఆ రాత్రి వాళ్లిద్దరికీ చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. పింఛను ఆలస్యమైన రిటైర్డ్ ఉద్యోగులకీ, బిల్లులు రాని చిన్న కాంట్రాక్టర్లకీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అందని పిల్లల తల్లిదండ్రులకీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఏ దారినైనా నేను మూడు విషయాల మీద కొలుస్తాను. ఎంతమంది సభ్యులు కావాలి? ఎన్నాళ్లు పడుతుంది? గొడవ సద్దుమణిగాక మన చేతిలో ఏం మిగులుతుంది? మూడోదే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న

ఒక్క సభ్యుడు చాలు. పార్టీ బలంతో పనిలేదు, ప్రతిపక్ష హోదాతో పనిలేదు. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. స్టార్డ్ అంటే మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అన్‌స్టార్డ్‌కి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. చాలామంది అన్‌స్టార్డ్‌ని చిన్నచూపు చూస్తారు, టీవీలో కనిపించదు కాబట్టి. నేను మాత్రం దాన్నే ముందు పెడతాను. మంత్రి సంతకం కింద అంకెలతో వచ్చిన కాగితం అది. తప్పని తేలితే సభను తప్పుదోవ పట్టించారన్న నింద మీదపడుతుంది, అందుకే అధికారులు ఆ జవాబు రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

దీని బలానికి పాత ఉదాహరణ ముంద్రా వ్యవహారం. 1956లో జీవిత బీమా జాతీయమై ఎల్‌ఐసీ ఏర్పడింది. మరుసటి ఏడాదే అది హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో సుమారు కోటీ పాతిక లక్షలు పెట్టింది. జనం ప్రీమియంల డబ్బు అది. పార్లమెంటులో ప్రశ్నకి వచ్చిన జవాబు సరిపోక, ఫిరోజ్ గాంధీ 1957 డిసెంబరులో లోక్‌సభలో లెక్కలతో నిలదీశారు. చాగ్లా కమిషన్ వేశారు, బహిరంగ విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. అప్పుడు నెహ్రూ ప్రభుత్వానికి తిరుగులేని మెజారిటీ ఉంది. పైగా ఫిరోజ్ గాంధీ అధికార పార్టీ ఎంపీ, ప్రధానికి స్వయానా అల్లుడు. సభలో సంఖ్య లేకపోయినా అంకె ఉంటే ఏం చేయవచ్చో అక్కడ కనిపిస్తుంది.

జవాబు లేకపోవడం కూడా ఒక జవాబే అవుతుంది. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు నడిచి వెళ్తూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, అలాంటి సమాచారం తమ దగ్గర లేదని కార్మిక శాఖ రాసిచ్చింది. ఆ ఒక్క వాక్యం దేశమంతా మారుమోగింది. ఎన్ని నినాదాలు చేసినా ఆ ఒప్పుకోలు బయటికి వచ్చేది కాదు.

అయితే ప్రశ్న రాయడం ఒక పని. మా వాడు తెచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇదీ: "మిర్చి రైతు గోడు ఈ ప్రభుత్వానికి పట్టదా?" ఈ ప్రశ్న వేస్తే మంత్రి లేచి "పడుతుంది అధ్యక్షా" అని కూర్చుంటారు. అంతటితో అయిపోతుంది. ఆ కాగితం పక్కన పెట్టి, కొట్టివేతలతో కలిపి నాలుగు సార్లు తిరగరాశాం. చివరికి ఇలా తేలింది:

"వ్యవసాయ శాఖ మంత్రి దయతో ఈ కింది విషయాలు తెలియజేస్తారా: (అ) మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించిన మాట నిజమేనా; (ఆ) అయితే గుంటూరు యార్డులో ఈ తేదీ వరకు ఎంతమంది రైతులకు, ఎన్ని క్వింటాళ్లకు, ఎంత సొమ్ము చెల్లించారు; (ఇ) వారిలో కౌలు రైతులు ఎందరు; (ఈ) ఎవరికీ చెల్లించకపోతే కారణాలేమిటి?"

(ఇ) దగ్గర ఆ పెద్దాయన ఆగారు. "కౌలు రైతు అని విడిగా రాయాలా? రైతు అంటే అందులో మేం లేమా?" అన్నారు. రాయకపోతే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ల లెక్క వచ్చేస్తుంది, అందులో మీరున్నారో లేరో ఎవరికీ తెలియదు అని చెప్పాను. ఆయన తల ఊపి, ఆ వాక్యం కింద వేలితో గీత గీసినట్టు చూపించి, "అయితే అది ఉంచండి" అన్నారు.

ఇంకో మెళకువ ఉంది. మంత్రులు తరచూ "విషయం పరిశీలనలో ఉంది", "నేను చూస్తాను" అంటారు. మనం అది దాటవేత అనుకుని నిట్టూరుస్తాం. సభా నియమాల్లో అలాంటి మాటల్ని హామీగా లెక్కకడతారు. హామీల కమిటీ అని ఒకటుంటుంది, దాని పనే ఇలాంటివి రాసిపెట్టుకుని వసూలు చేయడం. పార్లమెంటులో హామీ నెరవేర్చడానికి గడువు మూడు నెలలు. గడువు పొడిగింపులు అడుగుతూనే ఉంటారు, నిజమే. అయినా పద్దు మూయరు. ప్రశ్న వేసిన సభ్యుడు ఆ పద్దు వెంటపడుతున్నాడా లేదా అన్నది చూసుకోవాల్సింది మనం.

దీని లోపం ఆలస్యం. లోక్‌సభలో ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మా వాడు సమావేశాలు మొదలైన వారం తర్వాత వచ్చాడు. అంటే ఈ ప్రశ్న వచ్చే సమావేశాలకే. సభ తేదీలు ప్రకటించకముందే అర్జీ చేరాలి, ఇది గుర్తుపెట్టుకోండి.

జీరో అవర్, సావధాన తీర్మానం

ఈ వారంలోనే మాట వినిపించాలంటే ఇవే. జీరో అవర్‌కి ఉదయం నోటీసు ఇస్తే ఆ రోజే రెండు మూడు నిమిషాలు దొరకవచ్చు. మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న నిర్బంధం లేదు. లోక్‌సభలో 377 నిబంధన కింద చదివేది కూడా అంతే, కాకపోతే దానికి తర్వాత మంత్రి నుంచి ఉత్తరం వస్తుంది. సావధాన తీర్మానం వీటికన్నా మేలు, మంత్రి ప్రకటన చేసి తీరాలి. రేపు యార్డు మూతపడుతుందన్నంత అత్యవసరమైతే దీన్ని అడగండి. లేదంటే జీరో అవర్‌ని ఒక దండోరాగా మాత్రమే చూడండి, మన ఊరి పేరు రికార్డుల్లోకి ఎక్కుతుంది.

వాయిదా తీర్మానం

మన అసెంబ్లీలో సభ మొదలవగానే వినిపించే మాట ఇదే. వాయిదా తీర్మానం ఇచ్చారు, స్పీకర్ తిరస్కరించారు, పోడియం చుట్టుముట్టారు, సస్పెండ్ చేశారు. ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా వరస ఇదే. లోక్‌సభలో దీనికి 50 మంది మద్దతు కావాలి. ఒప్పుకుంటే మిగతా పనంతా ఆపి చర్చించి ఓటు పెట్టాలి. అందుకే ఏ ప్రభుత్వమైనా చాలా అరుదుగా తప్ప ఒప్పుకోదు. రాజ్యసభలో అసలు ఇది లేనే లేదు.

తిరస్కరిస్తారని తెలిసీ రోజూ ఇదే ఇవ్వడం నాకు బాధగా ఉంటుంది. దాని బదులు స్వల్పకాలిక చర్చ అడగాలి. లోక్‌సభలో 193, మన అసెంబ్లీలో 344 నిబంధన. చివర్లో ఓటు ఉండదు కాబట్టి ప్రభుత్వానికి భయం తక్కువ, ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆర్థిక విషయాల్లో మనకి ఓటు కన్నా వివరాలు ముఖ్యం. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ కార్పొరేషన్ పేరు మీద ఎంత తెచ్చారు, గ్యారంటీ ఎవరిది? ఇవి గంటా రెండు గంటల చర్చలోనే బయటపడతాయి.

అవిశ్వాసం

దీని గురించి కృష్ణా, గుంటూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 జులై 20న మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది విజయవాడ ఎంపీ కేశినేని నాని. చర్చ మొదలుపెట్టింది గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్. రాజధాని లేని, లోటు బడ్జెట్‌తో మొదలైన రాష్ట్రం గోడు ఆ రోజు దేశమంతా విన్నది. నేను ఉదయం నుంచి టీవీ ముందునుంచి కదల్లేదు. గర్వంగా అనిపించింది, ఆ మాట దాచను.

ఓట్లు 126, 325. తీర్మానం వీగిపోయింది. వీగిపోతుందని ముందే అందరికీ తెలుసు. ప్రధాని గంటకు పైగా జవాబు చెప్పాల్సి వచ్చింది, అది లాభం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఇచ్చిన ప్రత్యేక హోదా మాట మళ్లీ రికార్డుల్లోకి ఎక్కింది, అదీ లాభమే. హోదా మాత్రం రాలేదు.

దానికి ముందు జరిగింది కూడా చూడాలి. ఆ ఏడాది మార్చిలో మన ఎంపీలు, రెండు పార్టీల వాళ్లూ, అవిశ్వాసం నోటీసులు ఇచ్చారు. మద్దతిచ్చే 50 మందిని లెక్కపెట్టాలంటే సభ సద్దుమణగాలి. రకరకాల డిమాండ్లతో రకరకాల పార్టీలు వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందు, నిలబడి ఉన్నాయి, సభ సద్దుమణగలేదు. మార్చి 14న అదే గందరగోళంలో దేశం మొత్తం బడ్జెట్, ఫైనాన్స్ బిల్లుతో సహా, చర్చ లేకుండా అరగంటలో అయిపోయింది. రాష్ట్రానికి డబ్బు ఇవ్వలేదని మనం అరుస్తున్న సభలోనే, డబ్బు ఎవరికి ఎంతో తేల్చే కాగితం ఒక్క ప్రశ్న లేకుండా దాటిపోయింది. ఏప్రిల్‌లో వైసీపీ ఎంపీలు ఐదుగురు రాజీనామాలు ఇచ్చేశారు. జులైలో అవిశ్వాసం మీద చర్చ జరిగేటప్పటికి వాళ్ల కుర్చీలు ఖాళీ.

కాబట్టి అవిశ్వాసం ఎప్పుడు అడగాలి? ప్రభుత్వ మెజారిటీ వెంట్రుకవాసిలో ఉన్నప్పుడు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో పడిపోయింది. అలాంటి పరిస్థితి ఉంటే సరే. లేకపోతే ఏళ్లకొకసారి, మొత్తం లెక్క ఒకేసారి దేశం ముందు పెట్టడానికి వాడాలి. రోజువారీ బాధకి ఇది మందు కాదు.

బడ్జెట్ పద్దులు, కోత తీర్మానాలు

ప్రభుత్వం జేబులో చేయి పెట్టే దారి ఇది. శాఖల పద్దులు సభ ముందుకి వచ్చినప్పుడు సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. విధానమే తప్పనిపిస్తే పద్దుని ఒక్క రూపాయికి తగ్గించమంటారు. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు చెప్పాలంటే నూరు రూపాయలు తగ్గించమంటారు. ఆ నూరు రూపాయలే మనలాంటి వాళ్లవి. మిర్చి రైతు బకాయి, కాలువ పూడిక, హాస్టల్ మెస్ బిల్లు, ఏదైనా ఆ వంద వెనకాల నిలబెట్టవచ్చు. కోత నెగ్గదు. కానీ చర్చలో చోటు దొరుకుతుంది. గడువు చివరి రోజున మిగిలిన పద్దులన్నీ ఒక్క ఊపులో ఆమోదించేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. మన శాఖ పద్దు గిలెటిన్‌లో పోకుండా చర్చకి వచ్చేలా చూడమని ముందే అడగాలి. ఈ చిన్న సంగతి ఎమ్మెల్యేలకే చాలామందికి పట్టదు.

బడ్జెట్ మీద ఒత్తిడి పనిచేస్తుందనడానికి 1991 ఉంది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే మిగిలింది, బంగారం తాకట్టు పెట్టారు. మైనారిటీ ప్రభుత్వానికి మన పి.వి.నరసింహారావు ప్రధాని. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. ప్రతిపక్షాలతోపాటు సొంత పార్టీ ఎంపీలు కూడా తిరగబడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే పెంపు 30 శాతానికి దిగింది, సన్న చిన్నకారు రైతులకి మినహాయింపు వచ్చింది. సంస్కరణలు ఆగలేదు, బడ్జెట్ ఆగలేదు. ప్రభుత్వం పడిపోకుండానే రైతుకి ఊరట దక్కింది. అదే ఏడాది నంద్యాల ఉప ఎన్నికలో ఎన్టీఆర్ పీవీ మీద అభ్యర్థిని నిలబెట్టలేదు. ఎక్కడ పోరాడాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన రోజులవి.

పద్దుని పూర్తిగా అడ్డుకుంటే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2020 జూన్‌లో మన శాసనమండలి ద్రవ్య వినిమయ బిల్లును, అంటే ఖజానా నుంచి ఖర్చుకి అనుమతిచ్చే బిల్లును, ఆమోదించకుండానే వాయిదా పడింది. అప్పుడు మండలిలో టీడీపీది పైచేయి. ద్రవ్య బిల్లుని మండలి 14 రోజులకు మించి ఆపలేదు, గడువు దాటితే ఆమోదించినట్టే. కానీ ఆ 14 రోజుల్లో జులై 1 వచ్చింది. జీతాలు, పింఛన్లు కొద్ది రోజులు ఆలస్యమయ్యాయి. తప్పు మీదంటే మీదని రెండు పక్షాలూ అన్నాయి. మందుల చీటీ పట్టుకుని బ్యాంకు మెసేజ్ కోసం చూసే పెద్దవాళ్లకి ఆ వాదనతో ఏం పని? ఖజానా తలుపు మూసే ఆయుధాన్ని ఎవరు అడగమన్నా నేను వద్దంటాను.

పీఏసీ

ప్రజా పద్దుల కమిటీ. నెమ్మదిగా నడుస్తుంది, కెమెరాలుండవు, ఖర్చయిపోయిన డబ్బునే చూస్తుంది. అయినా ఆర్థిక కష్టకాలంలో ప్రతిపక్షం చేతిలో ఉన్న గట్టి పనిముట్టు ఇదేనని నా నమ్మకం. ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికల్ని ముందు పెట్టుకుని కార్యదర్శులనే పిలిచి అడుగుతుంది. పార్లమెంటులో 22 మంది, 15 మంది లోక్‌సభ, ఏడుగురు రాజ్యసభ. 1967 నుంచి ఛైర్మన్ కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ.

మన రాష్ట్రంలో దీని చరిత్ర చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2014–19 సభలో ప్రతిపక్షం తరఫున పీఏసీ ఛైర్మన్‌గా పనిచేసిన బుగ్గన రాజేంద్రనాథ్ 2019లో ఆర్థికమంత్రి అయ్యారు. తర్వాతి సభలో టీడీపీ తరఫున ఛైర్మన్‌గా ఉన్న పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థికమంత్రి అయ్యారు. వరసగా రెండుసార్లు! లెక్కలు అడిగే కుర్చీలో కూర్చున్నవాళ్లకే లెక్కలు చెప్పే కుర్చీ వచ్చింది. ఏళ్ల తరబడి ఫైళ్లు చదివినవాడికి ఖజానా ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. 2021 జులైలో కేశవ్ సుమారు 41 వేల కోట్ల చెల్లింపులకు సరైన లెక్కలు లేవని గవర్నర్‌కి ఫిర్యాదు చేశారు. ఆర్థిక శాఖ తోసిపుచ్చింది. ఎవరిది నిజమన్నది పక్కన పెడితే, అంత నిర్దిష్టమైన అంకె మీద ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఊరికే "అప్పుల పాలు చేశారు" అంటే ఎవరూ వివరణ ఇవ్వరు.

2024 తర్వాత కథ మారింది. పీఏసీ సభ్యుల్ని దామాషా ఓటుతో ఎన్నుకుంటారు. 175 మందిలో 11 మందికి ఆ బలం చాలదు. ఆ నవంబరులో జరిగిన ఎన్నికని వైసీపీ బహిష్కరించింది, ఛైర్మన్ పదవి కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకి వెళ్లింది. అధికారపక్షం తలుచుకుంటే ఆనవాయితీ నిలబెట్టగలిగేది, నిలబెట్టి ఉంటే బాగుండేది. రేపు కుర్చీలు మారినప్పుడు వాళ్లకీ అది అక్కరకొస్తుంది.

జాయింట్ పార్లమెంటరీ కమిటీ సంగతి రెండు మాటల్లో చెబుతాను. పేరు పెద్దది. 2010 శీతాకాల సమావేశాలు మొత్తం 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల మీద జేపీసీ కావాలన్న పట్టుదలతో తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత జేపీసీ వచ్చింది, అందులో మెజారిటీ అధికారపక్షానిదే, నివేదికతో ప్రతిపక్షం విభేదించింది. ఒక సమావేశాన్ని బలిపెట్టి తెచ్చుకునేంత విలువ దానికి లేదు.

వీధి, వాకౌట్, బహిష్కరణ

వీధి పనికిరాదని నేను అనను. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు, టీచర్లు 'చలో విజయవాడ' అంటూ పోలీసుల కళ్లుగప్పి, వేషాలు మార్చుకుని వచ్చి బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేశారు. రెండు రోజుల్లో చర్చలు జరిగాయి. ఇంటి అద్దె భత్యంలో మార్పు వచ్చింది, సమ్మె ఆగింది. ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, మాత్రం 23 శాతం దగ్గరే ఉండిపోయింది. వేలమంది ఒక్కటై ఒకే డిమాండ్‌తో వచ్చినప్పుడు వీధి పనిచేస్తుంది. కౌలు రైతుకి సంఘం ఎక్కడుంది? పంట అమ్ముకోవడానికి వచ్చినవాడు ధర్నాచౌక్‌లో ఎన్ని రోజులు కూర్చుంటాడు? శ్రీలంకలో 2022 జులైలో జనం అధ్యక్షుడి ఇంట్లోకే వెళ్లిపోయారు. ఆయన దేశం వదిలి వెళ్లాక కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకున్నది మళ్లీ పార్లమెంటే. వీధిలో మొదలైంది చివరికి సభలోనే తేలింది.

వాకౌట్ ఒక పూటది. మాట చెప్పి, నిరసనగా బయటికి వచ్చి, మధ్యాహ్నం తిరిగి వెళ్లి కూర్చుంటే తప్పులేదు. సభనే వదిలేయడం మాత్రం నేను ఏ పార్టీ చేసినా క్షమించలేను. 2017 నవంబరు నుంచి వైసీపీ అసెంబ్లీకి రాలేదు. 2021 నవంబరులో చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. ఇద్దరూ తర్వాత గెలిచారు, నిజమే. కానీ వాళ్లు లేని ఆ రోజుల్లో మన జిల్లాల ప్రశ్నలు ఎవరు వేశారు? 2025 ఫిబ్రవరి 19న వైసీపీ అధినేత జగన్ గుంటూరు యార్డుకి వచ్చారు, మిర్చి రైతులతో మాట్లాడారు. పేపర్లన్నీ మిర్చి గురించే రాశాయి. కొద్ది రోజులకే కేంద్రం 11,781 ధర ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తరాలూ రాసింది, మంత్రులూ ఢిల్లీలో తిరిగారు. ఎవరి వల్ల వచ్చిందన్న వాదన మనకొద్దు. ఫిబ్రవరి 24న వెలగపూడిలో సభ మొదలైంది. గవర్నర్ ప్రసంగం మధ్యలోనే ప్రతిపక్ష హోదా అడుగుతూ వైసీపీ వాళ్లు వెళ్లిపోయారు. 28న 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. యార్డులో అంత గట్టిగా వినిపించిన మాట, ఆ డబ్బు పంచేచోట వినిపించలేదు. ప్రశ్న వేయడానికి హోదా అక్కర్లేదని పైన చెప్పింది ఇందుకే.

మరి గుంటూరు, విజయవాడ వాళ్లు ఎవరిని అడగాలి?

2024లో ఈ జిల్లాల్లో ప్రతిపక్ష ఎమ్మెల్యే ఒక్కరు కూడా గెలవలేదు. దగ్గర్లో ఉన్నది దర్శి, ఎర్రగొండపాలెం వాళ్లే. అవి కూడా మిర్చి పండే చోట్లే, కాబట్టి వాళ్ల గడప తొక్కడంలో నామోషీ లేదు. రెండోది, చాలామంది మరిచిపోయేది, శాసనమండలి. అక్కడ ప్రతిపక్షానికి సంఖ్యా ఉంది, ప్రతిపక్ష నేత హోదా కూడా ఉంది, ఆ కుర్చీలో బొత్స సత్యనారాయణ కూర్చున్నారు. ప్రశ్నలకీ స్వల్పకాలిక చర్చకీ ముందు తట్టాల్సిన తలుపు మండలే. మూడోది, అధికార పార్టీ ఎమ్మెల్యేలు. వాళ్లు ప్రశ్న వేయకూడదని ఏ రూలూ లేదు. సొంత ప్రభుత్వాన్ని అడగడానికి మొహమాటపడతారు, అయినా "మా యార్డులో ఎంతమందికి చెల్లించారు" అన్నది తిట్టు కాదు కదా, లెక్క. లెక్క అడిగితే ఎవరి పరువూ పోదు.

కేంద్రం వాటా ఉన్న విషయమైతే పార్లమెంటు దారి కూడా పట్టాలి. మిర్చి పథకంలో ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం. గుంటూరు ఎంపీ కేంద్రంలో సహాయమంత్రి, మంత్రిగా ఉన్నవాళ్లు సభలో ప్రశ్నలు వేయరు. అందుకని అన్‌స్టార్డ్ ప్రశ్న కోసం వేరే ఎంపీని వెతుక్కోవాలి. వేరే రాష్ట్రం వాళ్లయినా పర్వాలేదు. కర్ణాటకలో బ్యాడిగి మిర్చి పండించే రైతులున్నారు, వాళ్ల ఎంపీలకి ఈ లెక్కతో పని ఉంటుంది.

అప్పు, జీతాలు, బిల్లుల బకాయిల్లాంటి పెద్ద విషయమైతే నేను ముందు అన్‌స్టార్డ్ ప్రశ్న, ఆ జవాబు చేతికొచ్చాక స్వల్పకాలిక చర్చ, కాగ్ నివేదిక వచ్చాక పీఏసీ అని వరస పెడతాను. 2024 జులైలో ప్రభుత్వం శ్వేతపత్రంలో రాష్ట్రం అప్పు 9.74 లక్షల కోట్లంది. వైసీపీ ఆ అంకె తప్పంది, జగన్ ప్రెస్‌మీట్ పెట్టి వేరే లెక్క చెప్పారు. ప్రెస్‌మీట్‌లో అడ్డు ప్రశ్న వేసేవాడుండడు, సభలో ఉంటాడు. ఒక అంకె సభలో, ఒక అంకె టీవీలో ఉన్నంతకాలం మనలాంటి వాళ్లకి రెండిటిలో ఏది నమ్మాలో తెలియదు.

ఆ రాత్రి మేం మూడు కాగితాలు సిద్ధం చేశాం. ఒకటి మండలిలో ప్రత్యేక ప్రస్తావనకి, రెండు నిమిషాల్లో చదివేంత, ఈ వారానికే. రెండోది ఆ నాలుగు ముక్కల ప్రశ్న, వచ్చే సమావేశాలకి. దాని మూడు కాపీలు, ఒకటి మండలికి, ఒకటి దర్శికి, ఒకటి మా ఊరి ఎమ్మెల్యే ఇంటికి. మూడోది యార్డు కాటా చీటీల జిరాక్సులు, తేదీ, ధర కనిపించేలా. సభ్యుడి చేతిలో ఆధారం లేకపోతే అనుబంధ ప్రశ్న వేయలేడు.

సంతకాల దగ్గర పెద్దాయన పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించారు. "నా పేరు పక్కన కౌలు రైతు అని రాయొచ్చా?" అన్నారు. రాయండి అన్నాను. గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసి, కాగితం తిప్పి నాకు చూపించారు. మర్నాడు ఉదయం ఏడింటి బస్సుకి మా వాడు దర్శి వెళ్లాడు.